తక్కువ ఖర్చుతో ఎలుగుబంట్ల అడవిలో క్యాంపింగ్: యెల్లోస్టోన్‌కి ఇలా ప్లాన్ చేసుకోండి

వేసవిలో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కు చుట్టుపక్కల ఊళ్లలో హోటల్ గది రాత్రికి 200 డాలర్లు దాటడం మామూలే. పార్కు లోపల టెంట్ వేసుకునే జాగా యాభై డాలర్ల లోపే దొరుకుతుంది. నలుగురు కలిసి మూడు రాత్రులు ఉంటే ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. కాకపోతే ఆ టెంట్‌కి ఇరుగుపొరుగు గ్రిజ్లీలు అనే పెద్ద జాతి ఎలుగుబంట్లు.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఎలుగుబంట్లంటే భయపడి తిండి చల్లగా దాచుకునే మూడొందల డాలర్ల పెట్టె (కూలర్) కొంటారు, బూట్లకి కట్టుకునే గంటలు కొంటారు. టూత్‌పేస్ట్ మాత్రం తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటారు. ఆ అడవిలో మిమ్మల్ని కాపాడేవి చాలావరకు అలవాట్లే, వాటికి పైసా ఖర్చు లేదు. తప్పకుండా డబ్బు పెట్టాల్సిన వస్తువు ఒక్కటే, దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

నెల, చోటు తేల్చుకోండి

యెల్లోస్టోన్ రోడ్లు ఏప్రిల్ మధ్య నుంచి దశలవారీగా తెరుస్తారు. నవంబరు మొదటికల్లా చాలావరకు మూసేస్తారు. జులై, ఆగస్టుల్లో జనం కిటకిటలాడతారు. నన్నడిగితే సెప్టెంబరు మొదటి పదిహేను రోజులు మేలు. స్కూళ్లు తెరుస్తారు కాబట్టి రద్దీ కాస్త తగ్గుతుంది, దోమల బాధా అంతగా ఉండదు. అయితే అప్పుడు ఎలుగుబంట్లు శీతాకాలపు నిద్ర కోసం ఒళ్లు పెంచుకునే పనిలో ఉంటాయి. రోజుకి 20 వేల క్యాలరీల దాకా లాగించగలవు. పోనీ మే, జూన్‌లలో వెళ్దామంటే అప్పుడు పిల్లల తల్లులు, ఎల్క్ అనే పెద్ద దుప్పుల దూడల వేటలో తిరిగే గ్రిజ్లీలు. ఎలుగు ఎదురుపడని నెల చూసుకుని వెళ్దాం అనుకుంటే క్యాంపింగ్ కాలంలో అలాంటి నెలే లేదు.

చోటు ఎంచుకునేటప్పుడు పెట్రోలు కూడా లెక్కలో వేసుకోండి. పార్కులో ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే ప్రధాన రోడ్డు 142 మైళ్లు. వేగం గంటకి 45 మైళ్లు దాటకూడదు. మధ్యలో అడవి దున్నల్లాంటి బైసన్ల మంద రోడ్డెక్కిందంటే అరగంట హారతి కర్పూరమే. నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ ముఖ్యమైతే మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ తీసుకోండి. అక్కడి నుంచి గీజర్ 16 మైళ్లు, కిరాణా దొరికే వెస్ట్ యెల్లోస్టోన్ ఊరు 14 మైళ్లు. తోడేళ్లు, ఎలుగుబంట్లు చూడాలనే కోరిక ఉంటే ఈశాన్యంలో లామార్ లోయ వైపు స్లౌ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అక్కడ ఉన్నవి 16 సైట్లే (టెంట్ వేసే జాగాలు), బుకింగ్ తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. లోపలే పడుకునే బండ్లు (ఆర్‌వీలు) నిలిపే ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో మాత్రం టెంట్ వేయనివ్వరు. ఎలుగుల తాకిడి వల్ల అక్కడ గట్టి గోడలున్న బండ్లకే అనుమతి.

బుకింగ్ రెండు చోట్ల జరుగుతుంది. మాడిసన్ లాంటి పెద్ద క్యాంప్‌గ్రౌండ్లు శాంటెరా అనే కంపెనీ చేతిలో ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. పార్కు వాళ్లు నేరుగా నడిపేవి రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చాలావరకు ఆరు నెలల ముందు తెరుస్తారు. దొరకలేదని నీరుగారిపోకండి. ఆ వెబ్‌సైట్‌లో ఖాళీ వస్తే కబురు పంపే సౌకర్యం ఉంది, అది పెట్టుకుని ఉంచండి. ప్రయాణానికి వారం ముందు రద్దు చేసుకునేవాళ్లు బోలెడు మంది. నాకు రెండుసార్లు అలాగే దొరికింది.

సైట్ దొరక్కపోతే కారులోనే రోడ్డు పక్కన పడుకుందాం అనుకోకండి. పార్కు లోపల అది నిషేధం. పార్కు చుట్టూ ఉన్న కస్టర్ గాలటిన్, షొషోని, బ్రిడ్జర్-టీటన్, కారిబూ-టార్గీ నేషనల్ ఫారెస్టుల్లో అనుమతించిన చోట టెంట్ వేసుకుంటే పైసా కట్టక్కర్లేదు. నీళ్లుండవు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తబుట్ట ఉండదు. ఎలుగుబంట్లు మాత్రం ఉంటాయి. తిండి ఎలా దాచాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వులు అక్కడా వర్తిస్తాయి. మొదటి ప్రయాణమైతే ఆ ఉచిత జాగా జోలికి పోవద్దనే చెబుతాను. నలుగురూ పంచుకుంటే క్యాంప్‌గ్రౌండ్ అద్దె తలకి పది డాలర్లు పడుతుంది. దానికి ఇనుప చెత్తడబ్బా, అడిగితే చెప్పే రేంజర్ (పార్కు సిబ్బంది), పక్కన పదిమంది మనుషులు దొరుకుతారు.

గేటు దగ్గర కట్టేది

కారుకి ఏడు రోజుల టికెట్ 35 డాలర్లు. పక్కనే ఉన్న గ్రాండ్ టీటన్‌కి విడిగా మరో 35. ఏడాదిలో మూడో పార్కు చూసే ఉద్దేశం ఉంటే 80 డాలర్ల వార్షిక పాస్ తీసుకోవడమే లాభం. 2026 జనవరి నుంచి ఆ ధర అమెరికా నివాసులకే, బయటి దేశాల వాళ్లకి 250 డాలర్లు. పాస్ లేని విదేశీయులు యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్లేసియర్, యోసెమిటీతో కలిపి 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లే ఆలోచన ఉంటే పార్కు అధికారిక సైట్‌లో నిబంధన చదివి, ఖర్చు ముందే వేసుకోండి. అమెరికాలో నివసించేవాళ్లు కూడా ఫొటో గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

సామాను: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

టెంట్ కొనకండి. విశ్వవిద్యాలయంలో చదువుతున్నవాళ్లు ఎవరైనా మీ గుంపులో ఉంటే, అక్కడి అవుట్‌డోర్ విభాగంలో టెంట్, స్లీపింగ్ బ్యాగ్, స్టవ్ చవకగా అద్దెకి ఇస్తారేమో కనుక్కోండి. చాలా చోట్ల ఇస్తారు. ఆర్‌ఈఐ లాంటి దుకాణాల్లోనూ అద్దెకి దొరుకుతాయి. నేల మీద పరుచుకునే ప్యాడ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. యెల్లోస్టోన్‌లో చాలా భాగం ఏడున్నర వేల అడుగుల పైనే ఉంటుంది. జులైలో కూడా కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకట్టే చలి. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందంగా ఉన్నా కింద నుంచి వచ్చే చలిని ఆపేది ప్యాడే.

ఇక ఖరీదైన కూలర్. వెస్ట్ యెల్లోస్టోన్‌లో గ్రిజ్లీ అండ్ వోల్ఫ్ డిస్కవరీ సెంటర్ అని ఒకటుంది. కూలర్లు, డబ్బాలు ఎలుగుకి లొంగుతాయో లేదో అక్కడ పరీక్షిస్తారు. లోపల తిండి పెట్టి అక్కడి గ్రిజ్లీలకి అప్పగిస్తారు. కొరికీ, దాని మీద ఎక్కి తొక్కీ అవి గంటసేపు తంటాలు పడ్డాక కూడా తెరుచుకోకపోతే అది నెగ్గినట్టు. అలా నెగ్గిన కూలర్లు కూడా సాధారణంగా తాళం కప్పలు వేస్తేనే లెక్కలోకి వస్తాయి. మూత నొక్కి వదిలేస్తే మూడొందల డాలర్ల కూలర్ కూడా మామూలు డబ్బాయే. యెల్లోస్టోన్‌లో తిండిని కారులో అద్దాలు పూర్తిగా ఎత్తి, తాళం వేసి పెట్టుకోవచ్చు, లేదా సైట్‌లో ఇనుప పెట్టె ఉంటే అందులో పెట్టుకోవచ్చు. కాబట్టి పాతిక డాలర్ల కూలర్ డిక్కీలో ఉంటే చాలు. ఐసు కొనే బదులు నీళ్ల సీసాలు ఇంట్లోనే గడ్డకట్టించి వేసుకోండి. కరిగాక తాగడానికి పనికొస్తాయి.

కారు సదుపాయం అన్ని పార్కుల్లో ఉంటుందనుకోకండి. యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి ఉంచడమే నేరం. అక్కడి నల్ల ఎలుగులు కారు తలుపు ఒలిచి పారేయడంలో ఆరితేరిపోయాయి. తిండంతా ఇనుప పెట్టెలోకి పోవాల్సిందే, తప్పితే జరిమానా 5,000 డాలర్ల దాకా ఉండొచ్చు. ఏ పార్కుకి వెళ్తే ఆ పార్కు నియమం చదువుకుని బయలుదేరండి.

డబ్బు పెట్టాల్సిన ఆ ఒక్కటి: బేర్ స్ప్రే

మీదికొచ్చే ఎలుగు మీద ఘాటైన కారం మబ్బులా చిమ్మే డబ్బా ఇది. ఒక్కోటి 35 నుంచి 50 డాలర్లు. ఆత్మరక్షణకి అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి బదులు కాదు. లేబుల్ మీద ఎలుగుబంట్ల కోసమని, ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) నమోదు ఉన్నట్టు రాసి ఉండాలి. పరిమాణం 7.9 ఔన్సులకి తగ్గకూడదు. కనీసం 25 అడుగుల దూరం పోవాలి, ఆరు సెకన్లయినా చిమ్మాలి. గడువు తేదీ చూసి కొనండి.

విమానంలో వెళ్తుంటే బయలుదేరే ముందే కొనుక్కోకండి. చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ పెట్టెలో కూడా ఒప్పుకోరు. స్టవ్ గ్యాస్ డబ్బాకీ అదే నియమం. దిగిన ఊళ్లో కొనుక్కోవాలి, లేకపోతే అద్దెకి తీసుకోవాలి. పార్కు లోపల కాన్యన్ విలేజ్‌లో వేసవిలో అద్దెకి ఇస్తారు. ఎక్కువ రోజులు ఉంటే అద్దె, కొత్త డబ్బా ధర పోల్చి చూసుకోండి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఖాళీ చేసి వెళ్తున్నవాళ్లని మొహమాటపడకుండా అడగండి. విమానం ఎక్కించలేక వాళ్లూ ఎవరికివ్వాలా అని చూస్తుంటారు. తీసుకునే ముందు, పొరపాటున నొక్కుకోకుండా ఆపే క్లిప్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకోండి.

బ్యాగు అడుగున పడేసిన స్ప్రే ఉన్నా లేనట్టే. నడుముకో, ఛాతీ పట్టీకో తగిలించుకోవాలి. క్యాంప్‌లోనే, క్లిప్ తీయకుండా, పదిసార్లు బయటికి లాగడం సాధన చేయండి. క్లిప్ వెనక బొటనవేలు పెట్టి నేరుగా వెనక్కి లాగాలి. రెండో చేత్తో డబ్బా గట్టిగా పట్టుకుని, ఎలుగు ముప్పై నుంచి అరవై అడుగుల దూరంలో ఉండగా, దాని ముందు కాస్త కిందికి గురిపెట్టి రెండు మూడు సెకన్లు చిమ్మాలి. గాల్లో ఒక మబ్బు గోడలా నిలబడుతుంది, ఎలుగు దాన్లోకి దూసుకొస్తుంది. అయినా ఆగకపోతే మొహం మీదికే.

దోమల మందులా ఒంటికీ, టెంటుకీ పూసేవాళ్లు ఉన్నారు. నవ్వొచ్చినా నిజమే. ఎండిపోయిన ఆ కారం వాసన ఎలుగుల్ని దగ్గరికి రప్పిస్తుంది. ఎండలో కారులో వదిలేయకండి కూడా. 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే డబ్బా పేలే ప్రమాదం ఉంది.

తిండి, వాసన, రాత్రి సర్దుబాటు

అసలు విషయం ఇది. 1931 నుంచి 1969 దాకా యెల్లోస్టోన్‌లో ఎలుగుల చేతిలో ఏటా సగటున 48 మంది గాయపడేవారు. అప్పట్లో జనం కారు అద్దంలోంచి బిస్కెట్లు అందించేవారు, చెత్తకుప్పల దగ్గర ఎలుగులు మేస్తుంటే బల్లలు వేసుకుని కూర్చుని చూసేవారు. కుప్పలు మూసేసి, తిండి పెట్టడం ఆపించాక ఆ సంఖ్య ఏడాదికి దాదాపు ఒకటికి పడిపోయింది. జనం తగ్గలేదు, ఇంకా పెరిగారు. మారిందల్లా తిండి అందకపోవడమే. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది. మీరు బల్ల మీద వదిలేసిన చిప్స్ ప్యాకెట్‌కి ఖరీదు అది కడుతుంది.

కాబట్టి వంట దగ్గరే మొదలుపెట్టండి. ఇంట్లోనే కూరగాయలు తరిగి, పప్పులూ బియ్యం పూటకి సరిపడా కొలిచి పొట్లాలు కట్టుకోండి. ఓట్స్, వేరుశెనగ వెన్న, టోర్టియాలు, ఒక్క గిన్నెలో అయిపోయే అన్నం లాంటివి మేలు. చవక, పైగా మిగలవు. మిగలకపోవడం ముఖ్యం, ఎందుకంటే మిగిలిన తిండిని ఏం చేయాలన్నదే అక్కడ పెద్ద తలనొప్పి. చేపలు, మాంసం వేపుళ్లు ఇంటికి వచ్చాక చేసుకోవచ్చు.

చీకటి పడకముందే తినేయండి. మా పద్ధతి చెబుతాను. ఆరున్నరకి భోజనం ముగుస్తుంది. ఒకరు గిన్నెలు తోముతారు, ఒకరు బల్ల తుడుస్తారు, ఒకరు నేల మీద పడ్డ మెతుకులు ఏరుతారు. గిన్నెలు కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోయరు. పాత టీ వడపోతలో వడగట్టి, తేలిన మెతుకులు చెత్త సంచిలో వేసి, నీళ్లు క్యాంప్‌గ్రౌండ్ సింకులో పోస్తారు. చెత్త సంచి రాత్రికి బయట ఉండకూడదు, నేరుగా ఇనుప డబ్బాలోకి. ఆ డబ్బా మూత తెరవడం మొదట్లో ఎవరికీ చేతకాదు. పిడి దగ్గర ఒక గూడు ఉంటుంది. అందులోకి వేళ్లు పోనిచ్చి లోపలున్న గొళ్లెం నొక్కాలి. మన వేళ్లు దూరతాయి, ఎలుగు పంజా దూరదు. మూసేటప్పుడు టక్కున చప్పుడు రావాలి, లేదంటే అది పడనట్టే.

తర్వాత జేబులు. నా మొదటి ప్రయాణంలో తిండంతా జాగ్రత్తగా కారులో పెట్టి, హాయిగా టెంట్‌లో పడుకున్నాను. పది గంటలకి రేంజర్ టార్చి వేసుకుని వచ్చి, "లోపల వాసనవి ఏమైనా ఉన్నాయా" అని అడిగింది. లేవన్నాను. "లిప్ బామ్?" అంది. జేబులో ఉంది. "టూత్‌పేస్ట్?" తల దగ్గరే ఉంది. "నీళ్ల సీసాలో నీళ్లేనా?" నిమ్మరసం పొడి కలిపిన నీళ్లు. మూడూ పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా కారు దగ్గరికి నడిచాను. ఆ రోజు నుంచి పడుకునే ముందు పేరుపేరునా అడగడం మా వాళ్లకి అలవాటైంది: సన్‌స్క్రీన్, డియోడరెంట్, చూయింగ్ గమ్, దగ్గు బిళ్లలు, వెట్ వైప్స్, పాల సీసా, డైపర్లు, కుక్క గిన్నె, స్టవ్, ఖాళీ డబ్బాలు. పిల్లలుంటే కోటు జేబులు తిరగేసి దులపండి, బిస్కెట్ ముక్క ఉండకపోదు. వంట చేసిన బట్టలు విప్పి అవీ కారులోనే పెట్టేయండి.

క్యాంప్‌గ్రౌండ్‌లో కాకుండా లోపలి అడవిలో దిగితే పడుకునే చోటు ఒక మూల, వంట ఒక మూల, తిండి దాచేది మరో మూల, ఒక్కోదానికీ మధ్య 100 గజాలు ఉండేలా త్రికోణంలా చూసుకోండి. యెల్లోస్టోన్‌లో లోపలి సైట్ల దగ్గర తిండి వేలాడదీయడానికి అడ్డదూలం ఉంటుంది, 35 అడుగుల తాడు మీరు తీసుకెళ్లాలి. సంచి నేల నుంచి పది అడుగుల ఎత్తున, స్తంభానికి నాలుగు అడుగుల దూరంగా ఊగుతూ ఉండాలి. తాడుతో కుస్తీ ఇష్టం లేకపోతే తిండి దాచే గట్టి ప్లాస్టిక్ డబ్బా (క్యానిస్టర్) అద్దెకి తీసుకోండి.

నడకలో

ముగ్గురికి తక్కువ కాకుండా నడవండి. మాట్లాడుకుంటూ, వాగు పక్కనా, పొదల మలుపులోనూ చప్పట్లు కొడుతూ వెళ్లండి. బూట్లకి కట్టే గంటలు దండగ, అవి మోగేది మీకు తప్ప ఎలుగుకి దూరం నుంచి వినిపించదు. తెల్లవారుజామున, సంధ్యవేళ కాలిబాట ఎక్కకండి.

ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాల దూరం, బైసన్, ఎల్క్ లాంటివాటికి 25 గజాలు. ఇది చట్టం. చేయి చాచి బొటనవేలు ఎత్తి ఒక కన్ను మూసి చూడండి. వేలి వెనక జంతువు మొత్తం దాగకపోతే మీరు మరీ దగ్గరున్నట్టు.

రంగు చూసి ఏ ఎలుగో చెప్పకండి. నల్ల ఎలుగుల్లో గోధుమ రంగువి, ఎరుపు తిరిగినవి బోలెడు. గ్రిజ్లీకి భుజాల మీద మూపురం ఉంటుంది, మొహం కళ్ల మధ్య లోపలికి నొక్కినట్టుంటుంది, చెవులు పొట్టి, గోళ్లు పొడుగు. నల్ల ఎలుగుకి మూపురం ఉండదు, చెవులు నిక్కి ఉంటాయి.

ఎదురుపడితే పరిగెత్తవద్దు. అది గంటకి 35 మైళ్ల వేగంతో వస్తుంది. స్ప్రే చేతిలోకి తీసుకుని, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి వెనక్కి జరగండి. అదాటుగా ఎదురుపడ్డ గ్రిజ్లీ మీదపడి స్ప్రేకీ ఆగకపోతే, బ్యాగు వీపున ఉంచుకునే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టి, కాళ్లు ఎడంగా చాచి కదలకుండా ఉండాలి. అది వెళ్లిపోయాక కూడా కాసేపు లేవకూడదు. మీద పడింది నల్ల ఎలుగైతే అలా పడుకోకూడదు, మొహం మీద కొట్టి పోరాడాలి. రాత్రి టెంట్‌లోకి వచ్చింది ఏ ఎలుగైనా సరే పోరాటమే, ఎందుకంటే అది బెదిరి రాలేదు, మిమ్మల్ని తిండిగా చూస్తోంది. అలాంటివి అరుదు, కానీ స్ప్రే, టార్చి తల పక్కనే ఉంచుకోండి. టెంట్‌లోకి రావాల్సినవి అవీ, నీళ్లూ, మీరూ అంతే.

ఖాళీ చేసే రోజు

టెంట్ మడిచాక సైట్ అంతా ఒకసారి వంగి నడవండి. నిప్పుగుంటలో కాలని అల్యూమినియం రేకులు, మొక్కజొన్న కండెలు ఏమున్నా తీసేయండి, మీ తర్వాత వచ్చేవాళ్ల పిల్లలు ఆడుకునేది అక్కడే. బూడిదలో చేయి పెట్టి చూసి, వెచ్చగా ఉంటే మళ్లీ నీళ్లు పోసి కలపండి. వాడని స్ప్రే ఉంటే అప్పుడే వచ్చి టెంట్ వేస్తున్న పక్క సైట్ వాళ్లని పలకరించండి.